ఆడుతూ... చదువుతూ... అంతరిక్షానికి!

“సినిమాల పిచ్చి పట్టిందంటే ఇక చదువు చట్టుబండలే!”

ఈ మాట ఇంట్లో వినకుండా పెరిగినవాళ్ళు మన పాఠకుల్లో ఎవరైనా ఉన్నారా? ఉంటే అదృష్టవంతులే! చొక్కా జేబులో మ్యాట్నీ టిక్కెట్టు ముక్క దొరికిననాడు నాన్నగారి నోట, డాన్సు క్లాసుకి డబ్బులడిగిననాడు అమ్మ నోట, మార్కులు తగ్గిననాడు వీధి వీధంతటి నోటా ఇదే మాట. ఆటపాటలొక పడవ, చదువొక పడవ, రెండు పడవల మీద కాళ్ళు పెడితే నట్టేట మునుగుతావని హితబోధ.

అలా రెండు పడవల మీదా రెండు కాళ్ళు పెట్టి, మునగకపోగా ఏకంగా ఆకాశంలోకి ఎగిరిపోయిన ఒకమ్మాయి కథ ఈ వారం చెప్పుకుందాం. ఆమె సినిమా తార కాదు. కాని ఆమె కథలో డాన్సుంది, స్టేజీ ఉంది, ఒక టీవీ సీరియలుంది, ఆ సీరియల్లో నటించిన తార ఉంది, చివర్లో మేకప్ వేసుకుని కెమెరా ముందు నిలబడ్డం కూడా ఉంది. మన శీర్షికలో చోటివ్వడానికి ఇంతకన్నా ఏం కావాలి?

పేరు మే కరోల్ జెమిసన్. ‘రోదసిలోకి వెళ్ళిన తొలి నల్లజాతి మహిళ’ అని పుస్తకాలు ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. ఆ రోజుకి ఆమె వయస్సు ముప్ఫయ్యయిదు. అసలు కథంతా ఆ ముప్ఫయ్యయిదేళ్ళలోనే ఉంది.

నర్సువి కదూ?

మే 1956 అక్టోబరు 17న అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, డెకేటర్ అనే ఊళ్ళో పుట్టింది. ముగ్గురు పిల్లల్లో ఆఖరిది. తండ్రి చార్లీ ఒక ధర్మసంస్థలో భవనాల మంచిచెడ్డలు చూసే సూపర్‌వైజరు. తల్లి డొరొతీ బడిపంతులమ్మ. అలబామా అంటే నల్లవాళ్ళకి బడి వేరు, బస్సులో సీటు వేరు అనే రాష్ట్రం. తెల్లవాడికి లేచి సీటివ్వనన్నందుకు రోజా పార్క్స్ అనే ఆవిడని అరెస్టు చేసింది ఆ రాష్ట్రంలోనే, మే పుట్టడానికి ముందటేడు, 1955 డిసెంబరులో. అలాంటిచోట పిల్లల చదువు సాగేదెలా అనుకున్నారు దంపతులు. మేకి మూడేళ్ళప్పుడు మూటాముల్లె సర్దుకుని ఉత్తరాన షికాగో నగరం చేరారు.

అక్కడ బడిలో వేశాక ఓ రోజు టీచరమ్మ పిల్లలందర్నీ వరసగా అడిగింది, పెద్దయ్యాక ఏమవుతారని. మే తడుముకోకుండా సైంటిస్టునవుతానంది. టీచరమ్మ ఒక్క క్షణం ఆశ్చర్యపోయి, నర్సు అనబోయి అలా అన్నావు కదూ అన్నట్టుగా సర్దబోయింది. పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని, కాదు, సైంటిస్టునే అని ఖరాఖండీగా చెప్పింది!

ఆ టీచరమ్మని తిట్టుకోకండి. ఆవిడ చెడ్డది కాదు. 1960ల మొదట్లో నల్లపిల్ల కనదగిన పెద్దకల అంటే నర్సుద్యోగమే అని ఆవిడ నిజంగా అనుకుంది. నర్సు పని తక్కువేమీ కాదని మే కూడా తర్వాత ఎప్పుడూ చెబుతూనే వచ్చింది. కాని తను అడిగింది అది కాదు కదా! మంచివాళ్ళే మంచిగానే మన కలని కురచ చేసి మన చేతిలో పెట్టడమంటే ఇదే. అయిదేళ్ళ పిల్ల దాన్ని పుచ్చుకోలేదు. ఈ కథలో మొట్టమొదటి హీరోయిజం ఇది.

ఇంట్లో మాత్రం ఆమె కలని ఎవరూ కురచ చెయ్యలేదు. ఒకసారి వేలికి పుల్ల గుచ్చుకుని చీము పట్టింది. మనిళ్ళలోనయితే పసుపద్ది, కోప్పడి వదిలేస్తారు. డొరొతీ పంతులమ్మ కదా, చీమంటే ఏమిటో నువ్వే కనుక్కోవే అంది. పిల్ల పుస్తకాలు తిరగేసింది. ఒంట్లోకి జొరబడ్డ క్రిములతో తెల్ల రక్తకణాలు పోరాడి చచ్చిపడితే, ఆ యుద్ధభూమిలో మిగిలిన శిథిలాలే చీము అని తేలింది. దాని మీద ఒక ప్రాజెక్టే తయారుచేసింది! ఛీ అని మొహం తిప్పుకునే వస్తువులోంచి పాఠం తీయించిన ఆ తల్లికి దణ్ణం పెట్టాలి.

ఆ తెర మీద ఆమె

అది రోదసి పందేల కాలం. 1963 జూన్‌లో రష్యా అమ్మాయి వాలెంటీనా తెరిష్కోవా ‘వోస్తోక్-6’లో ఒంటరిగా కూర్చుని భూమిని 48 చుట్లు చుట్టి వచ్చింది. అప్పటికి మేకి ఆరేళ్ళు. అమెరికాలో మాత్రం మెర్క్యురీ, జెమినీ, అపోలో అని నౌకల పేర్లు మారుతున్నాయిగాని లోపల కూర్చునేవాళ్ళ తీరు మారలేదు. అందరూ మగవాళ్ళే, అందరూ తెల్లవాళ్ళే. మొదట్లో నాసా పెట్టిన షరతు అలాంటిది. వ్యోమగామి కావాలంటే జెట్ విమానాల టెస్ట్ పైలట్ అయి ఉండాలి. మిలటరీ ఆ ఉద్యోగంలోకి ఆడవాళ్ళని రానివ్వదు. తలుపు వెయ్యకుండానే తాళం వెయ్యడమన్నమాట! టీవీలో అపోలో ప్రయాణాలు చూస్తూ, వీళ్ళలో ఆడవాళ్ళెందుకు లేరని మే చిరాకుపడేది. ఆమె ప్రశ్నకి పెద్దవాళ్ళు చెప్పిన జవాబులేవీ ఆమెకి నచ్చలేదు.

అదే టీవీలో 1966 సెప్టెంబరులో ఒక సీరియల్ మొదలైంది. పేరు ‘స్టార్ ట్రెక్’. ‘ఎంటర్‌ప్రైజ్’ అనే నౌక నక్షత్రాల మధ్య తిరుగుతూ ఉంటుంది. దాని కంట్రోలు గదిలో ఒక నల్లజాతి యువతి కూర్చుని ఉంటుంది. కాఫీలందించడానికి కాదు, నౌక మాట్లాడే ప్రతి మాటా ఆమె చేతుల మీదుగా పోవాలి. ఆమె లెఫ్టినెంట్ ఉహూరా, కమ్యూనికేషన్స్ ఆఫీసర్. ఆ పాత్ర వేసిన తార నిషెల్ నికోల్స్. షికాగో పక్కనే ఉన్న రాబిన్స్ అనే చిన్న ఊరి అమ్మాయి, డ్యూక్ ఎలింగ్టన్ బృందంతో పాటలు పాడిన గాయని.

ఇక్కడో తెరవెనుక కథ. మొదటి సీజన్ అవగానే నికోల్స్ ఆ వేషం మానేద్దామనుకుంది. ఆమె మనసు సంగీత నాటకాల మీద ఉంది, సీరియల్లో తన డైలాగులేమో కత్తిరింపులకి గురవుతున్నాయి. నిర్మాత చేతికి రాజీనామా ఇచ్చేసింది కూడా. ఆ వారాంతంలో ఒక సభలో, మీ అభిమాని ఒకరు కలుస్తారట అంటే తిరిగి చూసింది. ఎదురుగా మార్టిన్ లూథర్ కింగ్! తమ ఇంటిల్లిపాదీ ఆ సీరియల్ చూస్తామని, అది మామూలు వేషం కాదని, మానొద్దని ఆయన పట్టుబట్టాడట. ఈ సంగతి నికోల్సే తర్వాత ఎన్నోసార్లు చెప్పింది. సోమవారం వెళ్ళి రాజీనామా వెనక్కి తీసుకుంది.

షికాగోలో బ్లాక్ అండ్ వైట్ పిల్లల బొమ్మల మధ్య కూర్చుని, ఉహూరాని కళ్ళార్పకుండా చూసిన పిల్లల్లో మే ఒకతె.

ఇక్కడ లెక్క సరిగ్గా వేసుకోవాలి. ‘సీరియల్ చూసి వ్యోమగామి అయిపోయింది’ అని రాస్తే వినసొంపుగానే ఉంటుందిగాని అది నిజం కాదు. సైంటిస్టునవుతానని మే చెప్పింది అయిదో ఏట, ‘స్టార్ ట్రెక్’ వచ్చింది ఆమె తొమ్మిదో ఏట. కోరిక ముందే ఉంది. తెర చేసిన పనల్లా, నీ కోరిక వింతదేమీ కాదు అని చెప్పడమే. టీచరమ్మకి కూడా తోచని బొమ్మని కళ్ళముందు ఆడించి చూపించడమే. అది చిన్న పనేమీ కాదు. కాని ఆ తర్వాత పని పుస్తకాలది. స్కూలు లైబ్రరీలో గంటల తరబడి కూర్చుని నక్షత్రాల గురించి చదివింది కూడా ఈ పిల్లే.

మరి డాన్సో?

ఎనిమిది, తొమ్మిదేళ్ళప్పుడు మే డాన్సు మొదలుపెట్టింది. బాలే, జాజ్, మోడరన్, ఆఫ్రికన్, జపనీస్... ఒకటా రెండా! పన్నెండో ఏటనే హైస్కూల్లో చేరి అక్కడా డాన్సు క్లబ్బు. పధ్నాలుగో ఏట ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ నాటకానికి ఆడిషన్ జరుగుతుంటే వెళ్ళింది. అడిగింది చిన్న వేషం కాదు, హీరోయిన్ మరియా వేషం! రాలేదు. పాట దగ్గర దెబ్బ తగిలింది. కాని డాన్సు చూసి గ్రూపులోకి తీసుకున్నారు. హీరోయిన్ వేషం రాలేదని అలిగి ఇంటికిపోలేదు, గ్రూప్ డాన్సర్‌గా స్టేజీ ఎక్కింది. కోడంబాకం చూసినా, కృష్ణానగర్ చూసినా ఈ మలుపు దగ్గర ఆగిపోయినవాళ్ళెందరో మనకి తెలియంది కాదు.

1973లో మోర్గాన్ పార్క్ హైస్కూలు చదువు ముగిసింది. స్కాలర్‌షిప్ మీద కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో సీటు. వయస్సు పదహారు! దేశానికి ఆ చివరికి ఒంటరి ప్రయాణం. తీసుకున్నది కెమికల్ ఇంజనీరింగ్. ఆ క్లాసుల్లో ఆడపిల్లలే తక్కువ, నల్లపిల్లలు ఇంకా తక్కువ. రెండూ అయితే ఇక చెప్పేదేముంది!

మొదటి ఏడాది కెమిస్ట్రీ క్లాసులో ఆమె ఒక సందేహం అడిగితే, ఇంతమాత్రం తెలియదా అన్నట్టు చూశాడట ప్రొఫెసరు. కాసేపటికి ఒక తెల్లకుర్రాడు అదే సందేహం అడిగితే, ఎంత చురుకైన ప్రశ్న అని మెచ్చుకున్నాడట! అప్పుడు తనని నిలబెట్టింది కాస్త కుర్రతనపు పొగరేనని మే తర్వాత చెప్పింది. అన్ని పొగర్లూ చెడ్డవి కావు. మనకి పాఠం రావడం లేదనుకోవడం వేరు, పాఠం చెప్పేవాడికి మనం కనబడడం లేదనుకోవడం వేరు. ఆ తేడా తెలిసినవాడు చదువు మానడు.

అంత ఇంజనీరింగ్‌లోనూ ఆటపాటలు మానలేదు. నల్లజాతి విద్యార్థుల సంఘానికి అధ్యక్షురాలిగా పనిచేసింది. ఒక సంగీత నృత్యప్రదర్శనకి తనే నృత్యాలు కూర్చింది. 1977లో బయటికొచ్చేటప్పటికి ఇంజనీరింగ్ డిగ్రీతోపాటు, ఆఫ్రికన్, ఆఫ్రో-అమెరికన్ అధ్యయనాల్లో మరో డిగ్రీకి కావలసినంత చదువూ పూర్తిచేసుకుంది.

క్లైమాక్స్‌కి ముందు అమ్మ

ఇక అసలు చిక్కు వచ్చిపడింది. న్యూయార్కు వెళ్ళి డాన్సరైపోవాలా? మెడికల్ కాలేజీలో చేరాలా? మనసు రెండువైపులా లాగుతోంది. మన సినిమాల్లోనయితే ఈ ఘట్టంలో తండ్రి గజ్జెలు విసిరికొట్టాలి, వర్షం పడాలి, హీరోయిన్ ఇల్లొదిలి వెళ్ళాలి. డొరొతీ అలాంటిదేం చెయ్యలేదు. డాక్టరువయ్యాక కూడా డాన్సు చెయ్యొచ్చు, డాన్సరువయ్యాక డాక్టరీ చెయ్యలేవు అంది, అంతే. ఈ మాటలో గొప్పతనం ఎక్కడుందో చూశారా? డాన్సు మానెయ్యమనలేదు! ఏది ముందు, ఏది వెనక అన్న వరస మాత్రం చెప్పింది. పిల్లలు వినేది ఇలాంటి మాటలే. మానెయ్ అన్న మాటకి మనలో ఎవరైనా ఏదైనా మానేశామా?

న్యూయార్కులో కార్నెల్ మెడికల్ కాలేజీలో చేరింది. ఆ ఊళ్ళోనే ఉన్న ప్రసిద్ధ నృత్యశాల ఆల్విన్ ఐలీలో డాన్సు క్లాసులూ తీసుకుంది. పగలు శవాల కోత, వీలున్నప్పుడు కాళ్ళకి లయ! చదువులో భాగంగానే క్యూబా వెళ్ళింది, కెన్యా వెళ్ళింది, థాయిలాండులో కంబోడియా కాందిశీకుల శిబిరంలో వైద్యం చేసింది. 1981లో డాక్టరైంది.

1983 నుంచి 1985 దాకా ‘పీస్ కోర్’ సేవాసంస్థ తరఫున పశ్చిమాఫ్రికాలో, సియెర్రా లియోన్, లైబీరియా దేశాల్లో వైద్యాధికారిగా పనిచేసింది. అక్కడ ఒక వాలంటీరుకి జబ్బు చేస్తే మలేరియా అన్నారు. మందులు వేస్తున్నకొద్దీ ముదిరిపోతోంది. ఇది మలేరియా కాదు, మెదడు పొరలకొచ్చిన మెనింజైటిస్, ఇక్కడ వైద్యం కుదరదని మే నిర్ణయించింది. జర్మనీ నుంచి మిలటరీ ఆసుపత్రి విమానం కావాలంది. ఖర్చు 80,000 డాలర్లు! అలా ఆర్డరు వేసే అధికారం నీకెక్కడిదని రాయబార కార్యాలయం అడిగింది. వైద్యం విషయంలో నిర్ణయానికి నాకెవరి అనుమతీ అక్కర్లేదని జవాబిచ్చింది. రోగి పక్కనే 56 గంటలు నిద్రలేకుండా కూర్చుని జర్మనీ చేర్చింది. ఆ మనిషి బ్రతికాడు. నడుం మీద చేతులు పెట్టుకున్న ఆ అయిదేళ్ళ పిల్ల గుర్తొచ్చిందా? పొగరు అదే, ఇప్పుడు దాని వెనక చదువుంది.

తలుపు తెరిచినవాళ్ళు

ఈలోగా నాసా తీరూ మారింది. 1977లో కొత్త వ్యోమగాముల కోసం వెతుకుతూ, ఆడవాళ్ళనీ నల్లవాళ్ళనీ దరఖాస్తు పెట్టమని ప్రచారం చెయ్యడానికి ఒకరిని పిలిచింది. ఎవర్నో ఊహించండి... నిషెల్ నికోల్స్‌ని! తెర మీద వ్యోమగామి అసలు వ్యోమగాములని పిలవడానికి ఊరూరూ తిరిగింది. 1978లో ఎంపికైన 35 మందిలో ఆరుగురు ఆడవాళ్ళు, ముగ్గురు నల్లవాళ్ళు. వాళ్ళలోంచే శాలీ రైడ్ 1983లో రోదసికెళ్ళింది. తెరిష్కోవా వెళ్ళొచ్చిన ఇరవై ఏళ్ళకి!

మే కూడా ఆఫ్రికా నుంచి తిరిగొచ్చి, లాస్ ఏంజెలస్‌లో ప్రాక్టీసు చేస్తూ, మళ్ళీ ఇంజనీరింగ్ క్లాసుల్లో కూర్చుని 1985లో దరఖాస్తు పెట్టింది. 1986 జనవరి 28న ‘చాలెంజర్’ నౌక బయల్దేరిన 73 సెకన్లకి గాలిలోనే ముక్కలైంది. ఏడుగురూ పోయారు. అందులో నలుగురు ఆ 1978 జట్టువాళ్ళే. వాళ్ళలో జూడిత్ రెస్నిక్ అనే మహిళ, రోనాల్డ్ మెక్‌నెయిర్ అనే నల్లజాతి శాస్త్రవేత్త ఉన్నారు. ఎంపికలు ఆగిపోయాయి. చేతిలో డాక్టరుద్యోగం ఉన్నవాళ్ళు ఎవరైనా, బ్రతికిపోయాం అనుకుని ఊరుకునే సమయం అది. మే రెండోసారి దరఖాస్తు పెట్టింది! 1987లో సుమారు రెండు వేలమందిలోంచి పదిహేనుగురిని ఏరితే అందులో ఆమె ఒకతె.

1992 సెప్టెంబరు 12న ‘ఎండెవర్’ ఎగిరింది. పోయిన ‘చాలెంజర్’కి బదులుగా కట్టిన నౌక అది. జపాన్‌తో కలిసి చేసిన ఆ ప్రయాణంలో కప్పగుడ్లు బరువులేనిచోట ఎలా పెరుగుతాయో, ఎముకల కణాలేమవుతాయో ఆమె పరిశీలించింది. అన్నట్టు మన పాఠకులకి ప్రీతికరమైన కబురొకటి. ఆ నౌకలోనే మార్క్ లీ, జాన్ డేవిస్ అనే భార్యాభర్తలూ ఉన్నారు. కలిసి రోదసికెళ్ళిన తొలి జంట వాళ్ళే!

మే తనతో ఏం పట్టుకెళ్ళిందో తెలుసా? 1921లోనే పైలట్ లైసెన్సు సంపాదించిన నల్లజాతి వనిత బెస్సీ కోల్‌మన్ ఫొటో. పశ్చిమాఫ్రికా శిల్పం. ఆల్విన్ ఐలీ కూర్చిన ‘క్రై’ నృత్యంలో జూడిత్ జేమిసన్ పోస్టరు. వదిలెయ్యని డాన్సుని భూమి దాటించి తీసుకెళ్ళిందన్నమాట! పని షిఫ్టు మొదలుపెట్టినప్పుడల్లా సీరియల్లో ఉహూరా పలికే ఊతపదంతో కంట్రోలు గదిని పలకరించేది. కిటికీలోంచి మొట్టమొదట కనిపించిన ఊరు షికాగో.

ఇక మేకప్!

1993లో నాసా నుంచి బయటికొచ్చింది. ఆమె ‘స్టార్ ట్రెక్’ అభిమాని అని లెవార్ బర్టన్ చెవినపడింది. ‘రూట్స్’లో కుంటా కింటేగా పేరు తెచ్చుకుని, కొత్త ‘స్టార్ ట్రెక్’లోనూ నటిస్తున్న ఆయన అప్పుడు ఒక ఎపిసోడ్‌కి దర్శకత్వం వహిస్తున్నాడు. వేషం వేస్తారా అని అడిగాడు. అడగడమే తరువాయి! లెఫ్టినెంట్ పామర్‌గా కనిపించేది కాసేపే. అయినా ఆ సీరియల్లో నటించిన మొదటి అసలు వ్యోమగామి మేనే. షూటింగు చూడ్డానికి సెట్టుకొచ్చిన అతిథి నిషెల్ నికోల్స్. ఉహూరాని చూసి పెరిగిన పిల్ల నిజంగా రోదసి చూసొచ్చి యూనిఫారంలో నిలబడితే, రోదసి చూడని ఉహూరా పక్కన నిలబడి మురిసిపోయింది. నికోల్స్ 2022లో కన్నుమూసింది. ఆ రోజు తను రాజీనామా వెనక్కి తీసుకోకపోతే ఏమయ్యేది? మే అయితే ఎలాగైనా వెళ్ళేదేమో, ఆమె గట్టిపిండం. కాని అంత గట్టిగా లేని పిల్లలు ఎందరో ఉంటారు. తెర మీద వేషాలు రాసేవాళ్ళు, వేసేవాళ్ళు కాస్త గుర్తుంచుకోవలసింది వాళ్ళనే. మన తెర మీద ఆడపిల్ల పాటకొచ్చి వెళ్ళిపోతోందా, కంట్రోలు గదిలో కూర్చుంటోందా అని మనమూ అప్పుడప్పుడు అడుగుతూ ఉండాలి.

ఈసారి ఇంట్లో ‘సినిమా పిచ్చోడా’, ‘డాన్సు పిచ్చిదానా’ అన్నప్పుడు ఈ పేజీ తీసి చూపించండి, అభ్యంతరం లేదు. కాకపోతే రెండో చేతిలో కెమిస్ట్రీ నోట్సు కూడా ఉండాలి సుమండీ! ఇంకొక్క మాట. మీ ఇంట్లో చెల్లాయో, మేనకోడలో నేను ఫలానా అవుతానని ఏదో పెద్దమాట అంటే నవ్వి సర్దకండి. ఆ పిల్ల నడుం మీద చేతులు ఎక్కడున్నాయో ఒకసారి చూడండి.